కొత్త కెమెరా చూడని మచ్చలు

నాటిన 31వ రోజు

పైరుగదిలో మూడో అరలోని వరి ఆకుల మీద మచ్చలు కనపడ్డాయి. నిన్న సాయంత్రం చేతిదీపం పట్టుకుని చూస్తే రెండు, ఇవాళ ఐదు. రెండు చివర్లూ సన్నగా, నడుమ లావుగా, దారం చుట్టిన కండెలా ఉన్నాయి. మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు బోటనీ చెప్పినదాన్ని. వరికి వచ్చే అగ్గి తెగులుని గుర్తుపట్టడానికి నాకు పుస్తకం అక్కర్లేదు.

ఇదంతా రాసిపెట్టడం దేనికంటే, రేపెవరైనా "మేడమ్ గారు ముందే చెప్పలేదు" అంటారు. ఈ ఎర్రవలసలో రెండువందల పన్నెండు మందిమి ఉన్నాం. అందులో రెండువందల మందికి ఆ మాట అనే సామర్థ్యం ఉంది.

పైరుగదిలోకి నేను తప్ప ఎవరూ రాకూడదు, గదిలోంచి ఆకు ముక్క కూడా బయటికి పోకూడదు. భూమి నుంచి ఇంతదూరం మోసుకొచ్చిన విత్తనం కాబట్టి పంటకి ఒకే మనిషి అని నియమం. అందుకని మిగతావాళ్లకి పైరు కనపడేది ఫొటోలోనే. ఉదయం పది గంటలకి గదిలో పది నిమిషాలు తెల్లదీపం వెలుగుతుంది. అప్పుడు తీసిన ఫొటో సాయంత్రం భోజనాల గదిలో గోడమీద పడుతుంది. దాన్ని పైరుచూపు అంటారు. ఎవరిదో పెళ్లి ఆల్బమ్ చూస్తున్నట్టు, నోట్లో ముద్ద పెట్టుకుని మరీ వ్యాఖ్యానాలు చేస్తారు. మిగతా రోజంతా గులాబీ దీపాలే. వాటికింద పైరు ఎదుగుతుంది గాని, మన కంటికి ఆకుపచ్చా గోధుమా రెండూ నలుపే.

మచ్చల సంగతి కమిటీ పెద్ద సింహాద్రమ్మకి చెప్పాను. ఆవిడ ఫొటో చూసి, "మూడో అరమీద మచ్చలున్న మాట నిజమే మేడమ్. గోడమీదా ఉన్నాయి. మీ బొటనవేలి మీదా ఉన్నాయి. వేలికి కూడా తెగులేనా?" అంది.

నా కెమెరా లోపలికి ఎర్రధూళి పోయి ఏడాదైంది. ఏది తీసినా చుక్కలే. నా కుడికంట్లో శుక్లం ఉందన్న సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు. ఎత్తడం లేదని నాకు తెలిసేలా ఎత్తలేదు.

ఇప్పుడే మూడో అర పీకేసి, గదిలో గాలిని పొడిగా ఉంచితే ఆరింట్లో ఒక అర పోతుంది. వెన్ను తీసే వేళకి, అంటే కంకి బయటికొచ్చే వేళకి, తెగులు దాని మెడకి పాకితే ఆరూ పోతాయి. తిండి తెచ్చే ఓడకి ఇంకా పద్నాలుగు నెలలుంది. నా మనవరాలికి రెండేళ్లు, చిక్కుడుపిండి జావ పెడితే మూతి తిప్పుకుంటుంది.

నాటిన 34వ రోజు

స్టోర్సు చూసే దాలినాయుడు పైరుగది కిటికీ దగ్గరికి వచ్చాడు. చంకలో పెట్టె.

"అమ్మ గారూ, కొత్త కెమెరా. కిందటి ఓడలో వచ్చింది. ఎవులూ తీసుకోలేదు. మీకోసవే అట్టేపెట్టినాను."

"ఎవరూ తీసుకోలేదు కాబట్టి నాకోసం అట్టేపెట్టావా, నాకోసం అట్టేపెట్టావు కాబట్టి ఎవరూ తీసుకోలేదా?"

"మీతో మాట్లాడితే పరీక్ష రాసినట్టుంటాదమ్మా."

పెట్టె విప్పి అద్దానికి అవతల పట్టుకున్నాడు. చిన్నది, నల్లది, అరల ఎదురుగా ఉన్న కమ్మీకి బిగించేది. తిప్పి చూపించమన్నాను. మళ్లీ తిప్పమన్నాను.

"మీట ఏదీ?"

"మీట లేదు. పదికి తెల్లదీపం ఎలిగితే అదే తీసుకుంటాది. రోజుకో అర. ఆ బొమ్మని అదే గోడమీదికి పంపుతాది. మీరు చెయ్యవలసిందేటీ లేదు."

నేను చెయ్యవలసిందేమీ లేదని చెప్పినవాళ్లని ఇంతకుముందు ఒక్కరినే చూశాను. ఆయన్ని పెళ్లి చేసుకున్నాను. పని ఏమాత్రం తగ్గలేదు.

పైగా పాత కెమెరా వెనక్కి ఇచ్చెయ్యాలట. దాని అద్దాలు ఊడదీసి ఇంకెక్కడో వాడుకుంటారు. నాకున్న ఒక్క సాక్షినీ ముక్కలు చేసి, మీట లేని దాన్ని చేతిలో పెడతానంటున్నాడు. ఆలోచించుకుని చెబుతానన్నాను.

"ఆలోచించుకోండి. ఈలోగా ఓపాలి మీ చెయ్యి అద్దానికి ఆనించండమ్మా," అన్నాడు. కెమెరాకో తీగ తగిలించి ఫొటో తీసి, చేతిలోని చిన్న తెరమీద చూపించాడు.

ముంజేతి మీద ప్రతి వెంట్రుకా ఉంది. గాజు కింద చిన్న తెల్లమచ్చ ఉంది. ఎప్పుడో దోమ కుడితే గోకి పుండు చేసుకున్నది. ఇక్కడ దోమల్లేవు. అంటే అది భూమ్మీద కుట్టిన దోమ. ఈ మచ్చ ఇంకా ఉందని నాకే తెలియదు. నా చేతిమీది మచ్చే ఇంత బాగా పట్టుకున్నది, ఆకుమీది మచ్చని పట్టుకోదా? సింహాద్రమ్మ ముఖం ఎలా మారుతుందో ఊహించుకుంటూ కూర్చున్నాను. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, భోజనం చేశాక మళ్లీ ఊహించుకున్నాను.

నాటిన 36వ రోజు

తీసుకున్నాను.

పాతది మురుగుతొట్టిలో పడిపోయిందని చెప్పాను. అది నా మంచం కింద, ఖాళీ ఆవకాయ జాడీలో క్షేమంగా ఉంది. దాలినాయుడు నా ముఖంకేసి ఒక నిమిషం చూసి పుస్తకంలో రాసుకున్నాడు. అతనికి నామీద అనుమానం. నాకు అతనిమీద అనుమానం. లెక్క సమంగానే ఉంది.

సాయంత్రం కొత్త కెమెరా తీసిన మొదటి పైరుచూపు. ఇవాళ ఒకటో అర వంతు. బొమ్మ పడగానే అందరి తలలూ గోడవైపు తిరిగాయి. ఆకు అంచున నూగు దగ్గర్నుంచి కనపడుతోంది. ఒక ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు లాండ్రీ చూసే అప్పలనరసమ్మ నోరు తెరిచింది. "అయ్యో మేడమ్ గారూ, అడుగునంతా ఎండుటాకులేనా? ఇన్నాళ్లూ మసగ్గా ఉండి తెలవలేదు గాని."

"తల దువ్వుకోకుండా ఫొటోకి కూర్చున్నట్టుంది పైరు," అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు.

మా కోడలు హైమ వంటగది చూస్తుంది. నా కంచంలో అన్నం వడ్డిస్తూ, "పట్టించుకోకండి అత్తయ్యా," అంది చిన్నగా. పట్టించుకోవద్దన్నారంటే పట్టించుకోవలసినదేదో ఉందన్నమాటే.

నాటిన 38వ రోజు

ఇవాళ మూడో అర వంతు. నా మచ్చల అర.

అప్పలనరసమ్మ నోటికి పని లేకుండా చెయ్యాలని నిన్నటినుంచి ఐదింటికే లేస్తున్నాను. బకెట్టు నీళ్లు, తడిగుడ్డ తీసుకుని, ఆకుల మీది ధూళి తుడిచి, వేలికి పెళుసుగా తగిలిన ఎండుటాకులు గిల్లి మూలనున్న ఎరువుతొట్టిలో వేశాను. ఫొటోకి కూర్చోబెట్టే ముందు పిల్లల ముఖం కడగమా, అలాగే. మూడు, నాలుగు, ఐదు అరలు అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఒకటీ రెండూ నేలబారుగా ఉంటాయి, నా మోకాళ్లు అంత వంగవు. ఆరోదానికి నిచ్చెన కావాలి. వాటి వంతు వచ్చిన రోజు మాట పడతాను.

సాయంత్రం గోడమీద మూడో అర పడింది. పచ్చలహారంలా ఉంది. అప్పలనరసమ్మ కూడా "బాగుంది" అంది. సింహాద్రమ్మ నావైపు తిరిగింది.

"మేడమ్, ఇందులో ఒక్క మచ్చ చూపించండి. ఒక్కటి చాలు. రేపే ఆ అర పీకిస్తాను."

లేచి గోడదాకా వెళ్లాను. ముక్కు ఆనేంత దగ్గర్నుంచి ఈ చివర్నుంచి ఆ చివరికి చూశాను. ఒక్కటీ లేదు. అందరూ నా వీపు చూస్తూ అన్నం తిన్నారు.

తిరిగొచ్చి చేతిదీపంతో మూడో అర చూశాను. తొమ్మిది మచ్చలు. నేను కళ్లారా చూసినవి ఆ కెమెరా చూడలేదు. లేదా చూసి చెప్పలేదు.

నాటిన 44వ రోజు

మూడో అరలో ఇరవై దాకా ఉన్నాయి. నాలుగోదానికి కూడా పాకింది. గోడమీద పడే బొమ్మల్లో మాత్రం ఆరోగ్యమే ఆరోగ్యం.

అందంగా చూపించడం కోసమే చేసిన కెమెరాలుంటాయని నాకు తెలుసు. నా చిన్నప్పుడు పెళ్లిచూపులకి పంపే ఫొటోల్లో మొటిమలుండేవి కావు, పెళ్లిలో ఉండేవి. అందుకని దీనికొక పరీక్ష పెట్టాను. పదికి రెండు నిమిషాల ముందు, శుభ్రంగా తుడిచిన ఆకుల మీద మూడుచోట్ల సిరా చుక్కలు పెట్టాను. ఇది మచ్చలు చెరిపే రకమైతే వాటినీ చెరపాలి కదా.

సాయంత్రం గోడమీద మూడు చుక్కలూ కాటుక పెట్టినట్టు స్పష్టంగా ఉన్నాయి.

"అదేటి, సిరాయా?" అంది అప్పలనరసమ్మ. ఆవిడ కళ్లే ఒక కెమెరా.

"దిష్టిచుక్క," అన్నాను.

భోజనాలయ్యాక దాలినాయుణ్ని పట్టుకున్నాను. "సిరా చుక్క చూపించి తెగులు చుక్క దాచే కెమెరా ఎక్కడిది నాయనా?"

"ఉన్నది చూపిస్తాదమ్మా. అంతే."

"కెమెరాకీ గోడకీ మధ్య ఎవరైనా కూర్చుని సరిదిద్దుతున్నారా?"

"తిన్నగా తీగ ఉంది. నడిమిన మనిషే లేడు. కావాలంటే పట్టుకుని నడిచి రండి." అని, వెళ్లబోతూ, "పాత కెమెరా నిజంగా మురుగుతొట్టిలోనే పడిందా అమ్మా?" అన్నాడు.

తీగ పట్టుకుని నడిచాను. మధ్యలో మనిషి లేడు.

నాటిన 48వ రోజు

ఐదో అరలో కూడా. నిదానంగా ఆలోచించాను. కెమెరా అబద్ధమాడటం లేదు, తీగలో ఎవరూ లేరు. అంటే పదింటికి ముందే ఎవరో గదిలోకి వచ్చి మచ్చలున్న ఆకులు తీసేస్తున్నారు. ఎవరికి లాభం? పంట బాగుందన్న మాటమీదే సింహాద్రమ్మ నిల్వ బియ్యంతో రెండుపూటలా అన్నం ప్రకటించింది. కానీ ఆవిడ దగ్గర తాళం లేదు. నా తాళానికి మారుతాళం ఒక్కటే ఉంది. నేను లోపల కళ్లు తిరిగి పడితే తియ్యడానికని మా హైమకిచ్చారు.

పైరు బాగుంటే వంటగది ప్రశాంతంగా ఉంటుంది. పైగా మొన్న ఏమంది? "అత్తయ్యా, మోకాళ్లు నొప్పెడుతుంటే చెప్పండి, నేనొచ్చి చూస్తాను." గదిలోకి రావాలని అంత కోరిక దేనికి? పదకొండేళ్లుగా నా కూతురిలాంటి పిల్ల అని నలుగురి దగ్గరా చెప్పుకుంటాను. ఇవాళ ఆ పిల్ల వడ్డిస్తుంటే చేతివేళ్లకి ఆకు పసరు అంటిందేమోనని చూశాను. ఇది కూడా రాసే పెడుతున్నాను.

జాడీలోంచి పాత కెమెరా తీసి, రెండో అర కింద గొట్టాల మధ్య ఇరికించాను. పది నిమిషాలకొక ఫొటో తీసేలా పెట్టాను, రేపు పదింటి దాకా. గదంతా ఆవకాయ వాసన.

నాటిన 49వ రోజు

దొంగ దొరికింది.

ఐదింటి దాకా ఉన్న ఫొటోల్లో గులాబీ చీకటి తప్ప ఏమీ లేదు. ఐదు దాటగానే ఒక ఆడమనిషి. తల వంచుకుని ఉంది, ముఖం కనపడటం లేదు. చేతిలో తడిగుడ్డ. నా చీరలాంటి చీర కట్టుకుందనుకున్నాను. అలా అనుకున్నాక కూడా ఇంకో రెండు ఫొటోలు చూస్తేగాని నాకు అర్థం కాలేదు.

ఐదు నుంచి పదిదాకా ముప్పై ఫొటోలున్నాయి. ముప్పైలోనూ నేనే. మూడో అర తుడుస్తున్నాను, అదే గుడ్డ పిండి నాలుగోది, అదే గుడ్డతో ఐదోది. మచ్చపడ్డ ఆకు మధ్యలో ఎండి పెళుసుగా ఉంటుంది. నా వేళ్లు పెళుసుగా తగిలిందల్లా గిల్లేస్తున్నాయి. ఆ గులాబీ వెలుగులో అది ఎండుటాకో తెగులు ఆకో కంటికి తెలియదు, నేను చూడనూ లేదు. కెమెరాని తిట్టుకుంటూ పనిచేస్తున్నాను కదా. వేలికి తగలనంత చిన్న మచ్చలు సాయంత్రానికి ఎదిగి చేతిదీపానికి కనపడుతున్నాయి. గిల్లినవన్నీ అదే గదిలో ఎరువుతొట్టిలో మూతలేకుండా ఉన్నాయి.

ఆకుమీద గంటలకొద్దీ తడి నిలిస్తే అగ్గి తెగులు అల్లుకుపోతుంది. ఈ వాక్యం ముప్పై ఏళ్లు ఏడాదికొకసారి నల్లబల్ల మీద రాశాను. రోజూ ఐదుగంటల తడి నేనే పెట్టాను. నా మోకాళ్లు వంగని ఒకటీ రెండూ, నిచ్చెన కావలసిన ఆరూ శుభ్రంగా ఉన్నాయి.

ఇవాళే చెప్పాలి. రేపు మూడో అర వంతు, ముట్టుకోకుండా వదిలేస్తే కెమెరాయే చెబుతుందని ఒక్కరోజు ఆగాను. అది సగం నిజం. మిగతా సగం సిగ్గు.

నాటిన 50వ రోజు

పొద్దున్న ఐదింటికి మెలకువ వచ్చింది. చేతులు ఒళ్లో పెట్టుకుని పదిదాకా మంచమ్మీదే కూర్చున్నాను.

సాయంత్రం గోడమీద మూడో అర పడింది. ఆకు ఆకునా మచ్చ, ఒక్కొక్కటీ వేలెడంత పెద్దదిగా కనపడుతోంది. పచ్చలహారం చూసిన కళ్లతోనే అందరూ చూశారు. ఎవరూ నమలడం లేదు.

లేచి నిలబడి చెప్పాను. తడిగుడ్డ, గిల్లడం, ఎరువుతొట్టి, ఏదీ దాచలేదు.

"ఎన్ని అరలు?" అంది సింహాద్రమ్మ.

"మూడు, నాలుగు, ఐదు. రేపే పీకెయ్యాలి. గాలి ఎండగడితే మిగతా మూడూ నిలవొచ్చు. నిలుస్తాయని చెప్పలేను. వెన్ను తీశాక మెడలు చూస్తేగాని తెలియదు."

"నేను ఎండుటాకులని అన్నందుకా మేడమ్ గారూ?" అంది అప్పలనరసమ్మ. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"నువ్వు అన్నావు. చేసింది నేను."

"ఆ దిక్కుమాలిన కెమెరా తీసి పారెయ్యండి," అన్నాడొకాయన.

"దాని జోలికి పోకండి. ఈ గదిలో ఉన్నదున్నట్టు చెప్పింది అదొక్కటే," అన్నాను.

దాలినాయుడు చెయ్యెత్తాడు. "మరి మిమ్మల్ని పట్టిచ్చిన ఫొటోలు ఏ కెమెరా తీసినాదమ్మా?"

"పాతది. మురుగుతొట్టిలో పడలేదు. అబద్ధమాడాను."

"నాకు తెలుసు. నిన్నట్నించీ కిటికీ దగ్గర ఆవకాయ వాసనొస్తంది."

ఒకరిద్దరు నవ్వారు. హైమ నవ్వలేదు. చెయ్యి కడుక్కునేచోట నా పక్కకి వచ్చి నిలబడింది.

"పాత కెమెరా ఎవరికోసం పెట్టారత్తయ్యా?"

చెప్పాను.

హైమ కుళాయి కట్టేసింది. "పదకొండేళ్లు," అంది. తర్వాత, "రేపు మూడు అరలు మీరొక్కరే పీకలేరు. నా దగ్గర తాళం ఉందని మీకు గుర్తుంది కదా, నేనూ వస్తాను. కమిటీకి నేను చెప్పుకుంటాను," అంది. కంచం మాత్రం నా చేతికిచ్చి నన్నే తోముకోమంది.

నాటిన 56వ రోజు

మూడు అరలు పీకి, సంచుల్లో కట్టి, తొట్టితోసహా కొలిమిలో వేయించాం. గాలి ఎంత పొడిగా ఉందంటే నా పెదవులు పగిలాయి. ఇకనుంచి మూడురోజులకొకసారి అన్నం, పిల్లలకి రోజూ ఒకపూట. నన్ను పైరుగది పనినుంచి తీసెయ్యమని కమిటీకి రాసిచ్చాను. సింహాద్రమ్మ నా కాగితం చదివి, "ఈ తప్పు మళ్లీ చెయ్యనిది ఇక్కడ మీరొక్కరే. వేరేవాళ్లని పెడితే వాళ్లు మొదట్నుంచీ చెయ్యాలి," అని వెనక్కి ఇచ్చేసింది. నియమం మార్చి, గదిలోకి ఇద్దరన్నారు. రెండో మనిషి హైమ. నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది. అవసరాలు తక్కువగానే పడుతున్నాయి.

నాటిన 91వ రోజు

వెన్నులు బయటికొచ్చి పదిహేను రోజులైంది. పైరు చూడ్డానికి బాగాలేదు. అడుగున ఎండుటాకులు, పైన మూడు ఖాళీ అరల ఇనప కమ్మీలు. పైరుచూపులో ఎవరూ ఏమీ అనడం లేదు, అందరూ వెన్నుల మెడలే చూస్తున్నారు.

ఇవాళ రెండో అర వంతు. గోడమీద బొమ్మ పడింది. ముందు వరసలో ఒక వెన్ను వంగి ఉంది. కిందటి వంతులో నిటారుగా ఉన్నదే.

"మేడమ్," అంది సింహాద్రమ్మ, ఆ వెన్నుకేసి వేలు చూపిస్తూ.

మెడకి తెగులు తగిలితే గింజ పాలు పోసుకోక, వెన్ను అలాగే వాలిపోతుంది. గింజ నిండితే కూడా అలాగే వాలుతుంది. నూగుతో సహా చూపించే ఆ కెమెరాకి ఈ రెండింటికీ తేడా తెలియదు. నాకూ అక్కడ కూర్చుంటే తెలియదు.

"చూసొస్తాను," అన్నాను.

హైమ గరిటె పక్కనపెట్టి నావెంట వచ్చింది. గది ముందు ఇద్దరం చేతులు కడుక్కుని, చుక్క తడి లేకుండా ఆరేదాకా నిలబడ్డాం. రెండో అర నేలబారుగా ఉంది. హైమ నా మోచెయ్యి పట్టుకుని దింపింది, మొదట ఒక మోకాలు, తర్వాత రెండోది. చేతిదీపం తనే పట్టుకుంది.

వంగిన వెన్ను మెడ పట్టుకుని చూశాను. గట్టిగానే ఉంది. దీపం వెలుగులో పచ్చగానే ఉంది, కానీ నా కుడికన్ను సంగతి నాకు తెలుసు.

"నాకూ పచ్చగానే ఉందత్తయ్యా," అంది హైమ, నేనడక్కుండానే.

వెన్ను కింద అరచెయ్యి పెట్టాను. బరువుంది. అయినా నమ్మలేదు. చివర్న ఒక గింజని బొటనవేలి గోటితో నొక్కాను.

పాలొచ్చాయి.

హైమ వంగి చూసింది. తనూ ఒకటి నొక్కి చూద్దామని చెయ్యి చాచింది. ఆ చేతిని ఆపాను.

"చాలు. అది ఎవరో ఒకరి ముద్ద."